బడి నాటికలో మన పిల్లల వేషమేది?

సంక్రాంతి సెలవులు ముగిసి బడులు తెరిచారంటే సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా వార్షికోత్సవాల హడావుడి మొదలవుతుంది. పెద్ద ప్రైవేటు స్కూళ్ళు ఫంక్షన్ హాళ్ళు మాట్లాడుకుంటాయి. సర్కారు బడుల్లో అయితే ఆవరణలోనే బల్లలు కలిపి వేదిక చేస్తారు, షామియానా వేస్తారు, మైకు సెట్టు కిరాయికి తెస్తారు. వేదిక ఏదైనా సరే, పాటలు, డ్యాన్సులు, బహుమతుల పంపకం నడుమ ఒక నాటిక ఉండి తీరుతుంది. డ్యాన్సుకేముంది, పాట పెడితే పిల్లలు వారం రోజుల్లో నేర్చేసుకుంటారు. నాటిక అలా కాదు. మాటలు కంఠతా రావాలి, ఎదుటివాడి మాట చెవిన పెట్టాలి, చివరి వరుసకు వినబడేలా పలకాలి. నెల రోజుల పని అది. పెద్దయ్యాక పిల్లలు తలచుకునేదీ ఎక్కువగా దాన్నే.

ఈ నాటిక దగ్గరే మన ఇళ్ళలో ఏటా పేచీ వస్తుంది. రిహార్సళ్ళు మొదలైన నాలుగో రోజుకో అయిదో రోజుకో ఒక తల్లి వచ్చి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడుతుంది. "మౌల్వీ సాబ్, మా బిడ్డను డ్రామాల నుంచి తీసెయ్యమని తెలుగు సారుకు మీరే చెప్పండి. వాళ్ళ అబ్బా వద్దంటున్నరు." పాతికేళ్ళకు పైగా ఈ ప్రాంతంలో ఉర్దూ చెబుతున్న నాకు ఈ మాట కొత్త కాదు. కొందరి సంకోచానికి దీన్ కారణం. కొందరికి ఆడపిల్ల నలుగురిలో నిలబడుతుందన్న భయం. పదో తరగతి దగ్గరపడుతోంది, చదువు చెడుతుందన్న దిగులు ఇంకొందరిది. వీటితో పాటు పైకి చెప్పని కారణం ఒకటుంది. పిల్లవాడికి ఇచ్చిన వేషం ఇంట్లో వారికి నచ్చదు.

నచ్చకపోవడంలో తప్పులేదు. చాలా నాటికల్లో సాయిబు వేషం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. గళ్ళ లుంగీ, నెత్తిన టోపీ, నోట వచ్చీరాని తెలుగు. అతడు మాట తప్పుగా పలికితే జనం నవ్వాలి, అదీ అతడి పని. లేదంటే కత్తి పట్టుకుని ఉరిమి చూసే దుర్మార్గుడు. తరగతిలో మన పిల్లవాడొకడుంటే ఆ వేషం వెతుక్కుంటూ వాడి దగ్గరకే వస్తుంది. టీచరు చెడు తలంపుతో ఇస్తాడని నేననను. "వీడికైతే సహజంగా ఉంటుంది" అని ఇస్తాడు, అంతే. కానీ వాడు ఇంటికి వెళ్ళి అమ్మీకి ఏ వేషమిచ్చారో చెప్పలేక మాట దాటేస్తాడు. మర్నాడు అబ్బా వద్దన్నారన్న కబురు వస్తుంది.

కాబట్టి పిల్లను పంపాలా వద్దా అన్న ప్రశ్నకు ముందు, ఏ నాటకానికి, ఏ వేషానికి అని అడగాలి. అది అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. విని జవాబు చెప్పవలసిన బాధ్యత నాటిక ఆడించే టీచరుది.

పంతులుగారు, ఆయన శిష్యులు

నాటకం సినిమావాళ్ళ వ్యవహారమని, బడికి దానితో పనేమిటని అనేవారికి ఒక సంగతి చెప్పాలి. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే బడి పిల్లలతో. 1880లో ధార్వాడ నుంచి ఒక నాటక సమాజం రాజమండ్రి వచ్చి ప్రదర్శనలు ఇచ్చి వెళ్ళింది. అక్కడ ఉపాధ్యాయుడుగా ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులు గారు వాటిని చూశారు. మన భాషలో మనమెందుకు ఆడకూడదని తన విద్యార్థులనే పోగుచేసి, తాను రాసిన 'వ్యవహార ధర్మబోధిని' వారి చేత ఆడించారు. కోర్టుల చుట్టూ సాగే మోసాల మీద, వకీళ్ళ ఎత్తుల మీద రాసిన నాటకం అది. షేక్‌స్పియర్ నాటకం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను తెలుగు చేసి, 'చమత్కార రత్నావళి' అని పేరు పెట్టి, దాన్నీ శిష్యుల చేతనే వేయించారు. రాసినవాడు మాస్టారు, నేర్పినవాడు మాస్టారు, ఆడినవారు ఆయన దగ్గర పాఠం చెప్పించుకునే కుర్రాళ్ళు. ఇవాళ ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు.

ఆ పంతులుగారు పిల్లలకు ఏం ఇచ్చారో చూడండి. తమ ఊళ్ళో, తమ కళ్ళ ముందు జరిగే అన్యాయాన్ని తమ నోటితో చెప్పే అవకాశమిచ్చారు.

ఆ తర్వాత అయిదేళ్ళకు, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైంది సురభి నాటక సమాజం. ఆ కుటుంబాలవారు చాలామంది ఇప్పుడు మనకు దగ్గరలోనే ఉన్నారు. పటాన్‌చెరు నుంచి హైదరాబాదు దారి పడితే శేరిలింగంపల్లిలో సురభి కాలనీ వస్తుంది. మిగతా సమాజాల్లో మగవాళ్ళు మీసాలు గీయించుకుని స్త్రీ వేషాలు కడుతున్న కాలంలోనే సురభిలో ఆడవారి వేషాలు ఆడవారే వేశారు. వారికి అది ఇంటి వృత్తి. మన బడి పిల్లలు వృత్తి కోసం వేషం కట్టరు గనుక ఆ పోలిక అంతవరకే. కానీ తండ్రి తెర లాగితే తల్లి, బిడ్డలు వేషాలు కట్టే ఆ ఇళ్ళలో ఒక ప్రదర్శన ఎలా తయారవుతుందో పిల్లలకు చూపించడానికి దూరం పోనక్కరలేదని టీచర్లు గుర్తుంచుకోవచ్చు.

రుస్తుం నుంచి బందగీ దాకా

వేషం సంగతికి వద్దాం. కోలాచలం శ్రీనివాసరావు గారు విజయనగర రాజ్య పతనం మీద రాసిన నాటకంలో పఠాన్ రుస్తుం అనే పాత్ర ఉంది. బళ్ళారి రాఘవ గారు ఆ వేషం కడితే జనం ఊగిపోయేవారట. ఆయన మహానటుడు, అందులో సందేహం లేదు. అయితే ఆ నాటకం వల్ల హిందూ ముస్లింల మధ్య ద్వేషం రేగుతోందని బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. నిషేధాలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. వేదిక మీద వేసిన వేషం వేదిక దిగాక కూడా వీధిలో తిరుగుతుందని మాత్రం ఆనాడే తేలింది.

తెలుగు నాటకమే మరో సాయిబును కూడా చూపించింది. జనగామ ప్రాంతం కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టుకెక్కాడు. 1940 ప్రాంతంలో ఆయన్ను దారి కాచి చంపారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో రాసిన 'మా భూమి' నాటకానికి ఆయన కథే ప్రేరణ. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. అదే పేరుతో 1980లో విడుదలైన సినిమాకు ఆధారమేమో కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. ఆ సినిమా తీసింది మన పాత మెదక్ జిల్లా పల్లెలో. ఉర్దూలో రాసిన కథ తెలుగు రైతు నోట పలకడానికి ఏ అడ్డమూ రాలేదు. మన పిల్లలకు రుస్తుం ఒక్కడే కాక బందగీ కూడా తెలియాలి. అలా తెలియజేయడం టీచర్ల పని, మన పని కూడా.

దీన్ మాట

అభినయం గురించి ఉలమాలలో ఒకే అభిప్రాయం లేదు. లేని మాటను ఉన్నట్టు చెప్పడమని, కాలయాపన అని వద్దనేవారున్నారు. హద్దులు దాటకుండా మంచిని నేర్పే సాధనంగా వాడితే అభ్యంతరం లేదనేవారూ ఉన్నారు. ఫత్వా చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఇంట్లో సందేహముంటే మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. ప్రవక్తల వేషం కట్టరాదన్న దగ్గర మాత్రం మన ఉలమాల మాట ఒక్కటే. 1976లో ముస్తఫా అక్కాద్ తీసిన 'ది మెసేజ్' చిత్రం ఇస్లాం తొలిరోజుల కథే అయినా అందులో ప్రవక్త (స) వారు కనిపించరు, వారి గొంతు వినిపించదు. ఎదుటివారు మాట్లాడడాన్ని బట్టే మనకు అర్థమవుతుంది.

అలాగే పౌరాణిక నాటికలో దేవుడి వేషం ఇస్తే ఒక తండ్రి ఇబ్బంది పడవచ్చు. దాన్ని గొడవ చేయనక్కరలేదు, ఎదుటివారి మతాన్ని ఒక్క మాట అననక్కరలేదు. "సార్, ఇంకో వేషం ఇవ్వండి" అని మర్యాదగా అడిగితే, నేనెరిగిన టీచర్లలో నూటికి తొంభై మంది మారుస్తారు. చిక్కంతా అడగకుండా పిల్లవాణ్ణి బడి మాన్పించడంలో ఉంది.

కథానాయకుడు కనిపించని నాటకం

ఢిల్లీలోని జామియా మిల్లియా పేరు వినని వారుండరు. 1920లో అలీగఢ్‌లో పుట్టి 1925లో ఢిల్లీకి మారిన ఈ విద్యాసంస్థను చేయి పట్టి నడిపిన జాకిర్ హుస్సేన్ సాహెబ్ మన హైదరాబాదులో పుట్టినవారే. ఆయన పిల్లల కోసం కథలు రాశారు. ఆయన సహచరులు ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ సాహెబులు నాటకాలు రాశారు. ముజీబ్ సాహెబ్ ఎన్నో ఏళ్ళు ఆ సంస్థకు వైస్ ఛాన్సలర్. పాఠం చెప్పే పెద్దలు పిల్లల కోసం, వేదిక కోసం కలం పట్టడం అక్కడ ఒక రివాజు.

ఆ జామియాలో 1954లో ఒక విశేషం జరిగింది. నజీర్ అక్బరాబాదీ మీద ఒక కార్యక్రమం చేసిపెట్టమని హబీబ్ తన్వీర్ అనే యువకుణ్ణి అడిగారు. నజీర్ సాహెబ్ ఆగ్రా కవి, 1735 నుంచి 1830 దాకా జీవించారని చెబుతారు. రొట్టెల మీద, మేళాల మీద, ఈద్ మీద, హోలీ మీద, ఎలుగుబంటి పిల్ల మీద కూడా కవిత్వం చెప్పినవారు. అందుకే ఆనాటి పండితులు ఆయన్ను కవుల లెక్కలో వేయలేదు. ఆయన గురించి రాసి ఉన్నది తక్కువ. జీవితకథ చేతికి అందని కవి మీద నాటకం ఎలా కట్టాలి?

తన్వీర్ సాహెబ్ కవిని వేదిక ఎక్కించనే లేదు. 'ఆగ్రా బాజార్' అని పేరు పెట్టి, ఒక బజారును వేదిక మీద నిలబెట్టారు. ఒక పక్క పుస్తకాల దుకాణం, అక్కడ పండితులు కూర్చుని నజీర్‌ను తీసిపారేస్తుంటారు. ఇంకో పక్క గాలిపటాల దుకాణం, అక్కడ నజీర్ అంటే ప్రాణం. మధ్యలో ఒక కక్డీలు అమ్మేవాడు. పొద్దంతా తిరిగినా వాడి సరుకు అమ్ముడుపోదు. కక్డీల మీద ఎవరైనా నాలుగు పంక్తులు కట్టిస్తే పాడుకుంటూ అమ్ముకుంటానని కవుల వెంట పడతాడు. వాళ్ళు కసురుకుంటారు. చివరకు నజీర్ రాసిస్తాడు. పాట అందుకోగానే సరుకు కదులుతుంది. నజీర్ మాత్రం తెర వెనక నుంచి కూడా తొంగి చూడడు.

దర్శకుడుగా ఆయన చేసిన అసలు పని నటుల ఎంపికలో ఉంది. జామియా విద్యార్థులను, అక్కడి ఉపాధ్యాయులను, పక్కనే ఉన్న ఓఖ్లా పల్లె జనాన్ని కలిపి వేదిక ఎక్కించారు. బజారు గనుక అందరికీ చోటు దొరికింది. బాగా మాట్లాడేవాడికి మాట, పాడేవాడికి పాట, నోరు తెరవడానికి జంకేవాడికి మూట మోసే పని. తర్వాత తన్వీర్ సాహెబ్ 'నయా థియేటర్' స్థాపించి, ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులతో దేశదేశాలు తిరిగారు. 2009లో చనిపోయేదాకా పండితుడూ పామరుడూ ఒకే వేదిక మీద నిలబడడమే ఆయన నాటకాల తీరు. దాని మొదలు ఒక విద్యాసంస్థ ఆవరణలో, పిల్లల మధ్య పడింది.

మన దగ్గర అంగడి

ఈ పద్ధతి మన ప్రాంతానికి సరిగ్గా సరిపోతుందని నా నమ్మకం. ముత్తంగి, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, ఏ బడిలోనైనా ఒక తరగతి గదిలోకి వెళ్ళి చూడండి. తెలుగు పిల్లలు, దక్కనీ ఉర్దూ మాట్లాడే మన పిల్లలు, తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలు, ఫ్యాక్టరీ పనికి వచ్చిన బీహారు, ఒడిశా కుటుంబాల పిల్లలు. జహీరాబాదు వైపు వెళ్ళేకొద్దీ కన్నడం, మరాఠీ కలుస్తాయి. ఇంతమందిని పెట్టుకుని ఒక రాజు, ఒక మంత్రి, నలుగురు భటులున్న నాటిక వేస్తే మిగతా పిల్లలు కింద కూర్చుని చప్పట్లు కొట్టాలి. అదే అంగడి అయితే?

నేను పనిచేసిన ఒక బడిలో తెలుగు సారు ఒక ఏడు ఇలాగే అంగడి నాటిక కట్టారు. కథ చిన్నదే. కొత్తగా ఊరికి వచ్చిన కుర్రాడు దోసకాయలు అమ్మాలి, తెలుగు రాదు, ఎలా కేకవేయాలో తెలియదు. గాజులమ్మే ఆమె ఒక కేక నేర్పుతుంది, అత్తరు సాబ్ ఇంకొకటి, కుండలమ్మే పెద్దాయన మరొకటి. బీహారు నుంచి వచ్చిన ఒక పిల్లవాడికే ఆ కుర్రాడి వేషం ఇచ్చారు. రెండో రోజు రిహార్సల్లో వాడు తెలుగు మాట తడబడగానే చుట్టూ ఉన్న పిల్లలందరూ గొల్లున నవ్వారు. వాడు తల దించుకున్నాడు. తెలుగు సారు ఏమీ అనకుండా ఆ పూటకు ఆపేశారు. మర్నాడు ఒక కొత్త రంగం రాసుకొచ్చారు. అందులో ఊరి పెద్దమనిషి దోసకాయల ధర అడగడానికి హిందీలో మొదలుపెడతాడు. తనకు బ్రహ్మాండంగా వచ్చని నమ్మకం. నోటికొచ్చిన హిందీ మాట్లాడి, నాలుగు కాయలు కావాలనబోయి నలభై కాయలు తూయించుకుంటాడు. కుర్రాడు చేతులు కట్టుకుని "జీ, జీ" అంటూ తూస్తుంటాడు. ఇప్పుడు నవ్వు పెద్దమనిషి మీదకు వెళ్ళింది. పెద్దమనిషి వేషం కట్టినవాడు తరగతిలో అందరికంటే గడుసు, వాడికి నవ్వించడం సరదా. వార్షికోత్సవం నాడు చప్పట్లన్నీ ఆ రంగానికే.

నాటిక ఆడించే టీచర్లు అందరూ చూసుకోవలసింది ఇదే. నవ్వు ఉండాలి, నవ్వు లేకుంటే పిల్లలు కూర్చోరు. అయితే అది ఎవరి మీద వస్తోంది? ఊళ్ళో బలమున్నవాడి మీదనా, నోరులేనివాడి మీదనా? సాయిబు మాట మీద, లంబాడా మాట మీద, బీహారీ మాట మీద నవ్వించడానికి తెలివి అక్కరలేదు.

నాలుక తిరగడం

ఇరుభాషల వాణ్ణి గనుక నాకు రిహార్సళ్ళలో ఇష్టమైన భాగం ఉచ్చారణ. ఉర్దూ ఇళ్ళ పిల్లలకు తెలుగు 'ళ', 'ణ' కష్టం. 'కళ్ళు' అనమంటే 'కల్లు' అంటారు, అర్థమే మారిపోతుంది. తెలుగు పిల్లలకు మన 'ఖే', 'గైన్', 'జే' కష్టం. 'గరీబ్' అన్న మాటలో మొదటి అక్షరం గొంతు లోపల నుంచి రావాలంటే దగ్గు వచ్చినట్టు నటిస్తారు. ఒకరికొకరు నేర్పుకోమని వదిలేస్తే చాలు, మనం అరగంటలో చెప్పలేనిది వాళ్ళు అయిదు నిమిషాల్లో సరిచేసుకుంటారు. 2018లో చేసిన చట్టం ప్రకారం తెలంగాణలో అన్ని బడుల్లో తెలుగు నేర్పాలి. చాలా ఇళ్ళలో దాన్ని భారంగా చూస్తున్నారు. పాఠ్యపుస్తకం ముందు నోరు పెగలని పిల్ల నాటికలో పది మాటలు తడుముకోకుండా చెప్పడం నేను చూశాను. ఎందుకంటే అక్కడ ఆ మాటతో ఆమెకు పనుంది. ఎదుటివారు దానికి జవాబు చెబుతారు.

ఉర్దూ మాట్లాడతారు గానీ ఉర్దూ చదవలేని పిల్లలు మనలో చాలామంది. వారికి ఉర్దూ మాటలను తెలుగు లిపిలో రాసివ్వడానికి కొందరు టీచర్లు సంకోచిస్తారు. సంకోచం అక్కరలేదు. 1880లలోనే మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమ కవి గారు హిందుస్తానీ నాటకాలు రాసి ఆడించారు. వాటిని ఆయన తెలుగు లిపిలోనే రాసుకున్నారు. లిపి నేర్పే పని లిపి తరగతిలో చేద్దాం, నాటిక దగ్గర మాట ముఖ్యం.

ఇక వేదిక మీద పిల్లలు చేసే పొరపాట్లు ఎక్కడైనా ఒకటే. జనానికి వీపు పెట్టి మాట్లాడతారు. మైకు కనబడగానే అందరూ దాని చుట్టూ మూగుతారు. భయంతో మాటలు పరుగెత్తిస్తారు. మైకు లేకుండా, ముంబయి హైవే మీద లారీల మోతలో కూడా బడి గోడ దాకా వినబడేలా నెమ్మదిగా పలకడం మొదటి వారమే అలవాటు చేయాలి. నేల మీద సుద్దతో గుర్తులు గీసి ఎవరి చోటు వారికి చూపించాలి. తెర వెనక పుస్తకం పట్టుకుని మాట అందించే పని, వేషం దొరకలేదని ఏడ్చే పిల్లకు ఇవ్వండి. నాటిక మొత్తం కంఠతా వచ్చేది ఆమెకే.

ఆడపిల్లల సంగతి, అబ్బాల షిఫ్టు

ఆడపిల్లల తల్లులు అడిగేవి న్యాయమైన ప్రశ్నలు. రిహార్సల్ ఎన్ని గంటలకు ముగుస్తుంది? ఎవరు ఉంటారు? ఏం బట్టలు వేయిస్తారు? వీటికి జవాబు ముందే కాగితం మీద రాసి పంపితే సగం పేచీలు రావు. రిహార్సళ్ళు చివరి పీరియడ్లలో పెట్టుకుని మగ్రిబ్ కంటే చాలా ముందే పిల్లలను ఇంటికి పంపాలి. ఒక టీచరమ్మ దగ్గరే ఉండాలి. అంగడి నాటికకు కిరాయి దుస్తులతో పనిలేదు. గాజులమ్మే ఆమె దుపట్టా కప్పుకునే ఉంటుంది, హిజాబ్ వేసుకునే పిల్ల హిజాబ్‌తోనే కూర్చుని బేరం చేయవచ్చు. నిజం అంగడిలో అలాగే కదా చేస్తారు. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో పిల్లలు అక్కడే ఉంటారు కాబట్టి రాకపోకల ఇబ్బంది లేదు. బాలికల గురుకులాల్లో అన్ని వేషాలూ బాలికలే కట్టవచ్చు.

తండ్రుల సంగతి వేరు. మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళినవాడు రాత్రి పదింటికి గానీ బయటపడడు. సాయంత్రం ఆరింటికి పెట్టిన వార్షికోత్సవానికి ఎలా వస్తాడు? కొడుకు వేషం చూడని తండ్రికి అది పనికిమాలిన పనిగానే తోస్తుంది. అదే నాటికను ఒక ఆదివారం పొద్దున మరోసారి, దీపాలు లేకపోయినా సరే, ఇంటివాళ్ళ కోసం ఆడించండి. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగే రంజాన్ ఇప్పుడు ఫిబ్రవరి, మార్చి నెలల్లోకి వచ్చింది. వార్షికోత్సవాల రోజులూ అవే. ఉపవాసమున్న పిల్లల చేత ఎండలో అరిపించకుండా రిహార్సళ్ళను డిసెంబరులోనే ముగించుకోవడం మంచిది.

ఏ కథ ఎంచుకోవాలన్న దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ప్రాంతం పిల్లలకు ఫ్యాక్టరీ కథే దగ్గరి కథ. షిఫ్టు సైరను, బోరు నీళ్ళ రంగు, రాత్రిపూట గాలిలో వచ్చే ఘాటు వాసన వారికి తెలుసు. పంతులుగారు కోర్టు మోసాల మీద రాసినట్టు వీటి మీద రాయవచ్చు, రాయాలి కూడా. కానీ 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో పదుల సంఖ్యలో కార్మికులు చనిపోయారు. అలాంటి ఘటనను వెంటనే నాటికగా కట్టి, ఏడుపులు, మంటలు చూపించాలని ఉత్సాహపడే టీచర్లు ఉంటారు. ఆ ఇంటి పిల్లవాడు అదే బడిలో, అదే వరుసలో కూర్చుని ఉండవచ్చు. పేలుడు చూపించకండి. అలారం మోగితే ఎటు పరుగెత్తాలి, గుర్తింపు కార్డు లేకుండా పనిలోకి ఎందుకు వెళ్ళకూడదు, మేస్త్రీని ఏం అడగాలి, ఇవి చూపించండి. చూసిన పిల్ల ఇంటికి వెళ్ళి అబ్బాను అడుగుతుంది.

ఇంత పెద్ద నాటిక మా వల్ల కాదనే బడులకు బుర్రకథ ఉంది. ముగ్గురు పిల్లలు, ఒక తంబుర, రెండు డక్కీలు చాలు. దాన్ని ఇంటింటి మాట చేసిన షేక్ నాజర్ గారు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పేదింట పుట్టినవారు. చిన్నతనంలోనే నాటకాల్లో వేషాలు కట్టి, తర్వాత పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెబుతూ ఊళ్ళు తిరిగారు. ఆయన తెలుగు వింటుంటే పండితులు కూడా నోరు తెరుచుకుని కూర్చునేవారు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో చనిపోయారు. తన జీవితకథకు 'పింజారి' అనే పేరు పెట్టుకున్నారు. ఆ కథనే బుర్రకథగా కట్టి పిల్లల చేత చెప్పించవచ్చు. అందులో సాయిబు వేషం ఎవరికిస్తారని టీచరు దిగులుపడనక్కరలేదు, ఏ పిల్లవాడైనా ముందుకు వస్తాడు.

వచ్చే వార్షికోత్సవానికి నాటిక అనుకునేవారు దసరా సెలవుల్లోనే కథ రాసుకోండి. రాసింది ముందుగా ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులకు చదివి వినిపించండి. వారిలో ఒకరైనా మన బస్తీవారు ఉండేలా చూడండి. తర్వాత ఎవరి మాటలు వారికి విడివిడి కాగితాల మీద, వారు చదవగల లిపిలో రాసి ఇంటికి పంపండి. ఎదుటి పాత్ర మాటలు కూడా అందులో ఉండాలి, అవి అమ్మీ చదువుతుంది.